కింద పడని కాక్

బడాయి అసలు పేరేమిటో టీ కొట్టు దగ్గర ఎవరికీ గుర్తులేదు. వారమంతా ఫోన్ల రిపేరు కొట్టులో కూర్చుని పగిలిన అద్దాలు మారుస్తాడు, ఆదివారం సాయంత్రం టీ అక్క కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని కోతలు కోస్తాడు. మొదటి పనికి జీతం వస్తుంది, రెండో పనికి జనం వస్తారు. మొన్నొకసారి తడిసిన ఫోను ఒకటి బాగు చేశానని మామూలుగానే మొదలుపెట్టి, అది నదిలో పడిందని, చేప మింగిందని, ఆ చేప కడుపులోంచి ఫోను తనకే రింగిచ్చి "అన్నా, నన్ను తీసుకెళ్ళు" అందని చెప్పుకొచ్చాడు. విన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. చేప ఎక్కడుందని అడిగితే, వారంటీ అయిపోయిందన్నాడు.

ఆ ఆదివారం మాత్రం వాణ్ణి దూరం నుంచి చూడగానే మాస్టారి నడక నెమ్మదించింది. బెంచీకి ఆనించి రెండు షటిల్ బ్యాట్లున్నాయి. రెండింటికీ కొత్త తీగలు.

మాస్టారంటే తలపండినవాడేం కాదు. ముప్పై ఇంకా నిండలేదు, బడాయి కంటే ఆరు నెలలు చిన్న. గదిలో గోడకి తెల్లబోర్డు తగిలించి, ఎదురుగా కెమెరా పెట్టుకుని, ఎక్కడెక్కడో ఇళ్ళలో కూర్చున్న పిల్లలకి లెక్కలు చెబుతాడు. అతను అద్దెకుండే బిల్డింగూ బడాయి ఉండే బిల్డింగూ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో సందు. కరోనా రోజుల్లో సందుకి రెండు చివరలా రేకులు కొట్టి మూసేస్తే, ఈ డాబా మీద మాస్టారు, ఆ డాబా మీద బడాయి, సందు మీదుగా రోజూ షటిల్ ఆడారు. ఇప్పుడు మాస్టారి బిల్డింగు ఓనరు డాబా మీద ఇంకో అంతస్తు వేయిస్తున్నాడు. ఇసుక పైకెక్కింది, ఇటుకలు పైకెక్కాయి, రేపు పొద్దున్నే మేస్త్రీ వస్తాడు. రేపటి నుంచి అక్కడ డాబా ఉండదు, గోడ ఉంటుంది. ఆ గోడ లేచేలోగా, ఈ సాయంత్రం చీకటి పడేలోగా, ఒక్కసారి సందు మీదుగా ఆడాలని బడాయి కోరిక. పొద్దున్నే ఫోన్ చేసి అడిగాడు. "చూద్దాంరా" అన్నాడు మాస్టారు. ఆ 'చూద్దాం'కి అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు, చాలా ఏళ్ళుగా వింటున్నదే.

అలాగని మాస్టారికి ఆ రోజుల మీద ప్రేమ లేదని కాదు. ఉంది కాబట్టే ఆ డాబా ఎక్కడం మానేశాడు. బట్టలు కూడా బాల్కనీలోనే ఆరేసుకుంటాడు.

అతను వచ్చి బెంచీ చివర కూర్చునేసరికి మిగతా ఇద్దరూ అప్పటికే ఫోన్ల మీదికి తలలు దించేసి ఉన్నారు. ఒకడు మందుల షాపులో పనిచేసే కంపౌండరు. రెండోవాడు సంచీ తగిలించుకున్న బండి మీద ఊరంతా తిరిగి పార్సెళ్ళు అందించే కుర్రాడు, అందరూ డెలివరీ అంటారు, ఈ బెంచీకి కొత్త. మాస్టారితో కలిపి ముగ్గురూ ఒకే తుపాకుల ఆటలో ఒకే జట్టు. పక్కపక్కనే కూర్చుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, ఫోన్లలో ఒకళ్ళ ప్రాణం ఒకళ్ళు కాపాడుకుంటారు. అదే వాళ్ళ కాలక్షేపం. లాక్‌డౌన్‌లో వేరే దారిలేక పట్టిన ఆట, దారులన్నీ తెరిచాక కూడా చేతికి అంటుకుని ఉండిపోయింది.

"అన్నా, ఈ బ్యాట్లెందుకు?" అన్నాడు డెలివరీ, తలెత్తకుండానే.

బడాయికి కావలసింది ఆ ఒక్క ముక్కే. గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకా? తమ్ముడూ, ముందా గ్లాసు కింద పెట్టు, వినేటప్పుడు చేతిలో వేడి వస్తువులుండకూడదు. కరోనాలో మాస్టారూ నేనూ సందు మీదుగా షటిల్ ఆడేవాళ్ళం, అది నీకు తెలుసో తెలీదో. నెట్టు లేదు, సందే మాకు నెట్టు. గీతలు లేవు, పిట్టగోడలే గీతలు. కాక్ కిందపడిందా, పోయినట్టే, రేకుల అవతలనుంచి ఎవడూ వచ్చి తీసివ్వడు, మేం దిగితే తాట తీస్తారు. కొట్లన్నీ మూత. డబ్బాలో కాక్‌లన్నీ అయిపోయి చివరికి ఒక్కటే ఒక్కటి మిగిలింది. ఇంక ఎలా ఆడతాం చెప్పు? గెలవడానికి ఆడితే అది కాస్తా సందులో పడుతుంది. అందుకని ఎదుటివాడికి అందేలా కొట్టడం మొదలుపెట్టాం. వాడి చేతికి అందిందా, మన గెలుపు. అలా నాలుగింటికి మొదలుపెడితే చీకటి పడేదాకా ఆ ఒక్క కాక్ కింద పడలేదు."

మాస్టారి వేలు ఫోన్ మీద కాసేపు ఆగింది. ఈ భాగం నిజమే. చీకటి పడేదాకా కాదు గానీ, ఎదుటివాడికి అందేలా కొట్టడం మాత్రం నిజం. ఎంత బాగుండేదో ఆ ఆట. బడాయి ఎడమచేతివాటంవాడు కాబట్టి అటువైపుగా, మెల్లిగా, కాస్త ఎత్తుగా కొట్టేవాడు తను. సూర్యుడు కళ్ళల్లో పడతాడేమోనని బడాయి తనకోసం పక్కకి జరిగి కొట్టేవాడు. పగలంతా పిల్లల మొహాలు స్క్రీన్ మీద గడుల్లో చూసి చూసి మొద్దుబారిన కళ్ళకి, సాయంత్రం నిజమైన మనిషి ఒకడు కనబడి, తను కొట్టింది అందుకునేవాడు.

"బాగానే ఉంది, ఇందులో గొప్పేముంది?" అన్నాడు కంపౌండరు.

"గొప్ప ఇప్పుడొస్తుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు గాలి తోసింది. నేను మాస్టారికి కొడితే, అది మాస్టారి పక్క డాబా మీదికి పోయింది. అక్కడ బామ్మగారు దుప్పటి ఆరేస్తోంది. అయ్యో, పోయింది మన ఆఖరి కాక్ అని నేను కళ్ళు మూసుకున్నానా, 'ఫట్' మని చప్పుడు! కళ్ళు తెరిస్తే ఏముంది, బామ్మగారు చేతిలో ఉన్న బట్టల బ్రష్షుతో తిరగ్గొట్టింది! ఏం బ్యాక్‌హ్యాండ్ తమ్ముడూ అది, నా జన్మలో చూడలేదు. అటు పక్క డాబా మీద కాలేజీ పిల్ల, దాని చేతిలో లెక్కల పుస్తకం, దాంతో కొట్టింది. దాని పక్కన గిటారు నేర్చుకునేవాడు, వాడు గిటారుతో కొట్టాడు, స్వరం తప్పకుండా కొట్టాడు. ఇంకోడు పళ్ళెంతో, ఇంకోడు చెప్పుతో. వీధి వీధంతా డాబాలెక్కేసింది. కాక్ ఈ చివరనుంచి ఆ చివరకీ, ఆ చివరనుంచి ఈ చివరకీ!"

"బామ్మకి గట్టి మోచేతులే," అంది టీ అక్క, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"మోచేతులా! మూడో రోజుకి స్మాష్ నేర్చుకుంది, మేం బతిమాలుకున్నాం, వద్దు బామ్మా, అందేలా కొట్టు అని. సరే, అక్కడితో ఆగితే నేను బడాయినెందుకవుతాను. వీధి దాటింది కాక్. ఆసుపత్రి డాబా మీదికి పోయింది. అక్కడ నర్సమ్మ, తలనుంచి కాలిదాకా ఆ తెల్ల తొడుగులో, ఊపిరి పీల్చుకోడానికి పైకొచ్చింది పాపం. తను ఒక్క దెబ్బ కొట్టింది, నవ్వింది, తొడుగులోంచి నవ్వు కనపడదు కానీ మాకు తెలిసింది. అక్కణ్ణుంచి చౌరస్తాలో పోలీసాయన లాఠీతో. లాఠీ సన్నది కదా, ఎలా తగిలిందంటావేమో, ఆయనకి చేతివాటం అలవాటే. రాత్రి మాకు నిద్రొస్తే ఊరవతలి వాళ్ళు కొట్టేవాళ్ళు. పొద్దున్నే లేచి పళ్ళు తోముకుంటూ డాబా ఎక్కితే, చెప్పిన టైముకి కాక్ వచ్చేది. నేను నోట్లో బ్రష్షు పెట్టుకునే మాస్టారికి అందించేవాణ్ణి."

డెలివరీ ఫోను ఒళ్ళో పెట్టేసుకున్నాడు. వాడి బొమ్మ ఆటలో ఏ మూలనో చచ్చి పడి ఉంటుంది, వాడికి పట్టలేదు. "మరి ఈకలూడిపోవా అన్నా?"

"అదీ ప్రశ్న! బుర్రున్న కుర్రాడు. ఊడిపోయాయి. ఒక్కో దెబ్బకీ ఒక్కో ఈక. చివరికి బోడిది మిగిలింది, బోడి కాక్ ఎగురుతుందా? సర్రున సందులోకి దిగిపోతోంది. అప్పుడు తెల్ల పావురం ఒకటి వచ్చి పక్కన ఎగురుతూ, ఎగురుతూనే, తన రెక్కలోంచి ముక్కుతో ఒక్కో ఈకా పీకి దానికి గుచ్చింది. నా కళ్ళతో చూశాను. అడిగితే మాస్టారు చెబుతాడు."

అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు ఫోన్లోకి చూశాడు.

"పావురానికి బ్యాలెన్సు తప్పలేదా?" అన్నాడు కంపౌండరు.

"తప్పింది. నెల్లాళ్ళు మా డాబా మీదే నడిచి తిరిగింది, గింజలు నేనే వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రం! ఓడలన్నీ రేవుల్లోకి రానివ్వకుండా సముద్రంలోనే ఆపేశారు కదా ఆ రోజుల్లో. ఓడ ఓడ మీదా కుర్రాళ్ళు, ఊసుపోక చస్తున్నారు. వాళ్ళకి ఊళ్ళోంచి ఎవరో అందించారు. ఓడనుంచి ఓడకి, ఓడనుంచి ఓడకి, అవతలి ఒడ్డుకి. అక్కడా డాబాలే, అక్కడా కుర్రాళ్ళే. భాష తెలీదు, మొహాలు తెలీవు, మాస్కులు. అయినా ఒక్కడంటే ఒక్కడు గట్టిగా కొట్టలేదు తమ్ముడూ. ప్రతివాడూ అవతలివాడికి అందేలాగే కొట్టాడు. నేను తూర్పుకి కొట్టిన కాక్, ఓ సాయంత్రం పడమటినుంచి వచ్చి నా బ్యాట్ మీద వాలింది. వేడివేడిగా ఉంది. వాసన చూస్తే ఉప్పు, పొగ, ఎవరిదో సబ్బు. అలా ఎన్ని చుట్లు తిరిగిందో!"

చెబుతూ చెబుతూ వాడి గొంతు మెత్తబడింది. కోతలు కోసేటప్పుడు వాడి చేతులు గాల్లో ఆడుతూంటాయి. ఇప్పుడు ఒక చెయ్యి బ్యాట్ పిడి మీద ఊరికే ఆని ఉంది. మాస్టారు అది గమనించాడు.

"ఇప్పుడు చూడు," అన్నాడు బడాయి. "పిల్లలు ఫోన్లో షటిల్ కోర్టు బుక్ చేసుకుంటారు. గంట ఆడతారు. బెల్లు మోగగానే బూట్లు విప్పుకుని ఎవడి దారిన వాడు పోతాడు, ఎదురుగా ఆడినవాడి పేరు కూడా అడగడు. నా కొట్టుకొచ్చే కుర్రాళ్ళకి చూపుడువేలు చివర కాయలు కాశాయి. అన్నా త్వరగా చెయ్యి, రాత్రికి మ్యాచుంది అంటారు. మ్యాచంటే మంచం మీద పడుకుని ఆడేది. తప్పనను, అది వాళ్ళ సరదా. కానీ మళ్ళీ ఒక్క సాయంత్రం డాబాలన్నీ నిండితే చూడాలనుందిరా నాకు. జబ్బు రాకూడదు, మూతలు రాకూడదు, ఆ సాయంత్రం ఒక్కటే రావాలి."

ఈ మాటలో కోత లేదు. అది తనకే ఇబ్బందనిపించిందేమో, బడాయి వెంటనే ఒక్క గుక్కలో టీ తాగేసి మళ్ళీ గాల్లోకి లేచాడు.

"అసలుది చెప్పనేలేదు! ఓ రోజు మాస్టారికి ఏం పూనిందో, కాస్త చెయ్యి జారి పైకి కొట్టాడు. పోయింది. మబ్బుల్లోకి పోయింది. రాత్రయినా రాలేదు, మర్నాడూ రాలేదు. విమానాలు లేవు కదా అప్పుడు, ఆకాశమంతా ఖాళీ, అడ్డెవరు? నాలుగో రోజు సాయంత్రం దిగింది, మెల్లిగా, ఊగుతూ. ఈకల నిండా బూడిదరంగు మన్ను. ఏం మన్నో తెలుసా?"

"చంద్రుడిదా అన్నా?" అన్నాడు డెలివరీ, నోరు తెరిచి.

"నేనెక్కడన్నాను? నువ్వే అన్నావు! సరే, ఆ మన్ను దులిపి నేను మళ్ళీ మాస్టారి వైపు కొట్టాను. కొట్టాక..." బడాయి ఆగాడు. మాస్టారి వైపు సూటిగా చూశాడు. "కొట్టాక, అది ఇంకా కింద పడలేదు. ఇప్పటికీ పైనే ఎక్కడో ఉంది. ఆ ఆట అవ్వలేదు తమ్ముడూ. నా వంతు అయిపోయింది. ఇంక కొట్టాల్సింది మాస్టారే."

మాస్టారు ఫోను బోర్లా పెట్టాడు. బడాయి ఇంత ఆకాశం చుట్టి వచ్చింది ఈ ఒక్కమాట అడగడానికేనని అతనికి అర్థమైంది. అర్థమైనకొద్దీ తట్టుకోలేకపోయాడు.

"పడిపోయిందిరా," అన్నాడు.

"పడలేదు."

"పడిపోయింది. మా నీళ్ళ ట్యాంకు పక్కన. ఓడలూ లేవు, పావురమూ లేదు, ఆడింది మనిద్దరమే. ఆ బామ్మ బ్రష్షు ఎత్తింది కొట్టడానికి కాదు, దుప్పట్లు పాడుచేస్తున్నారని మనల్ని తిట్టడానికి." డెలివరీ కిసుక్కున నవ్వబోయి, మాస్టారి మొహం చూసి ఆపుకున్నాడు. "ఆ రోజు రేకులు తీసేస్తున్నారని కిందనుంచి ఎవరో అరిచారు. నువ్వప్పటికే కొట్టేశావు. అది వస్తోంది, నాకు కనబడుతోంది. చెయ్యెత్తితే అందేది. అందేలాగే కొట్టావు కదా నువ్వు. నేను ఎత్తలేదు. బ్యాట్ అక్కడ పడేసి మెట్లు దిగి పరుగెత్తాను. అందరూ పరుగెత్తారు, నేనూ పరుగెత్తాను. వెనకాల చిన్న చప్పుడైంది. తిరిగి చూడలేదు."

మామూలుగా ఎవడైనా వాడి కోతలో గాలి తీస్తే బడాయి ఇంకో కోతతో కుట్టేస్తాడు. కంపౌండరు దానికోసమే ఎదురుచూశాడు. ఈసారి బడాయి ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"తెలుసు," అన్నాడు చివరికి. "చూస్తూనే ఉన్నాగా."

"మరి పిలవలేదేంరా?"

"ఎందుకు పిలవాలి? రెండు నెలల తర్వాత రేకులు తీస్తే ఎవడైనా పరుగెత్తుతాడు. తిరిగొస్తావులే అనుకున్నా. కొంచెంసేపు చూశాను."

"ఎంతసేపు?"

"ఎంతోసేపు కాదులే మాస్టారూ. కాసేపే."

టీ అక్క గిన్నె దించి చేతులు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ వాడి కోతల్ని నవ్వుతూ సాగనిచ్చిన మనిషి, ఈ ఒక్కదాన్ని సాగనివ్వలేదు.

"కాసేపేంటయ్యా? చేప ఫోన్ చేసిందన్నా ఊరుకున్నాను కానీ, ఇది మాత్రం ఒప్పుకోను. మా వంటింటి కిటికీలోంచి నీ డాబా కనబడుతుంది. ఆ మర్నాడూ వచ్చావు, ఆ పై రోజూ వచ్చావు. సాయంత్రమయ్యేసరికి బ్యాట్ పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడేవాడివి. వానలొచ్చాయి, గొడుగేసుకుని నిలబడ్డావు. గొడుగేసుకుని షటిల్ ఆడేవాణ్ణి ఎక్కడా చూడలేదే అని మా ఆయన నవ్వేవాడు. కొన్నాళ్ళకి ఆయనా నవ్వడం మానేశాడు. ఆ వానాకాలమంతా నిలబడ్డావు నువ్వు."

బడాయి తల ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి వాడికి.

ఆ వానాకాలమంతా మాస్టారు ఎదురు బిల్డింగులోనే ఉన్నాడు, ఒక్క మెట్ల వరస కింద, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏవో తెలియని ఊళ్ళ ఆటగాళ్ళని ఫోన్లో కాపాడుతూ. తనూ ఆ సాయంత్రాల కోసం అల్లాడిపోయాడు. సిగ్గుపడి ఎక్కలేదు, ఎక్కనికొద్దీ సిగ్గు పెరిగింది. ఈ బెంచీ మీద పక్కపక్కనే ఇన్ని ఆదివారాలు కూర్చున్నారు ఇద్దరూ.

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఒక బ్యాట్ చేతిలోకి తీసుకుని తీగల మీద బొటనవేలితో మీటి చూశాడు.

"డాబా నిండా ఇసుకేరా," అన్నాడు. "ట్యాంకు పక్కన మనిషి నిలబడేంత చోటుందేమో."

"మనిషి నిలబడితే చాలు," అన్నాడు బడాయి. లేవడం లేవడమే సగం వీధి దాటేలా ఉన్నాడు.

"వెలుతురుందంటావా?"

బడాయి తలెత్తి ఆకాశం చూశాడు. డాబాల వెనక ఎరుపు కూడా పోయి బూడిదరంగు మిగిలింది. వీధి దీపాలు వెలిగి అప్పటికే చాలాసేపైంది.

"బోలెడంత ఉంది మాస్టారూ!" అన్నాడు. "ఇంకా మధ్యాహ్నమేగా."

కంపౌండరు కాదనబోయాడు. టీ అక్క వాడి భుజం మీద చెయ్యి వేసింది, వాడు ఊరుకున్నాడు.